చక్కెర జబ్బు, రక్తనాళాల వాపు, పెరటి మందులు

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. చక్కెర జబ్బు ఉన్నవారి రక్తనాళాలలో వచ్చే వాపును పసుపు, చెక్కలు, ఆకులు, తీగలు తగ్గించగలవా అని చాలామంది అడిగారు. అందుచేత ఈసారి శీర్షికను పూర్తిగా ఆ ప్రశ్నలకే కేటాయిస్తున్నాను. ఉత్తరాలను క్లుప్తం చేసి ఇస్తున్నాను. రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా వారికి 54 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా షుగరు ఉంది. రెండు పూటలా మెట్‌ఫార్మిన్, ఉదయం గ్లిమిపిరైడ్ వేసుకుంటారు. పోయిన నెల కంటి డాక్టరు గారు పరీక్ష చేసి, కంటి వెనుక పొరలోని సన్నని రక్తనాళాలు అక్కడక్కడ ఉబ్బి ఉన్నాయని చెప్పారు. మూడు నెలల సగటు పరీక్ష 8.1 వచ్చింది. పసుపులోని కర్క్యుమిన్ రక్తనాళాల వాపును పూర్తిగా తీసేస్తుందని ఎవరో ఫోనుకు వీడియో పంపితే, మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్ తెప్పించుకొని వేసుకుంటున్నారు. వాటితో గుణం కనిపిస్తే ఇంగ్లీషు మాత్రలు మానేస్తానంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక గృహిణి, చిత్తూరు

సమాధానం: అమ్మా, మీ చివరి మాటకే ముందు జవాబు చెబుతాను. మీ వారు వేసుకుంటున్న మాత్రలను ఒక్క పూట కూడా మానకూడదు. ఎందుకో వివరంగా రాస్తున్నాను, ఆయనకు చదివి వినిపించండి.

కంటి డాక్టరు గారు చూసిన ఉబ్బు, వీడియోలో చెప్పిన వాపు ఒకటి కావు. కంటి వెనుక పొర మీద కనిపించేవి సన్నని నాళాల గోడ బలహీనపడిన చోట ఏర్పడిన అతి చిన్న బుడగలు. డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అని పిలిచే వాపు ప్రక్రియ అంతకు ఏళ్ల ముందే, కంటికి ఆనని స్థాయిలో, నాళం లోపలి పొరలో మొదలవుతుంది. ఆ పొర మందం ఒక్క కణం మాత్రమే. దాని పేరు ఎండోథీలియం. చాలాకాలం దాన్ని గొట్టానికి వేసిన పూత లాంటిదనే అనుకున్నారు. నాళపు ముక్కలో ఆ పొర చెదిరిపోతే నాళం సడలే గుణాన్నే కోల్పోతుందని 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ చూపించిన తరువాత ఆలోచన మారింది. ఆ పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు క్షణక్షణమూ ఊరుతూ నాళాన్ని మెత్తగా, రక్తాన్ని జారుడుగా ఉంచుతుంది. ఈ సంగతిని తేల్చినందుకే 1998లో ఫర్చ్‌గాట్‌కు, లూయిస్ ఇగ్నారోకు, ఫెరిద్ మురాద్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

రక్తంలో చక్కెర పెరిగినప్పుడు శరీరంలోని చాలా కణాలు తమలోకి వచ్చే చక్కెరను కొంతవరకు తగ్గించుకోగలవు. ఈ లోపలి పొర కణాలకు ఆ శక్తి బహు తక్కువ. రక్తంలో ఎంత ఉంటే అంత లోపలికి వస్తుంది. అలా వచ్చిన చక్కెరను వాడుకునే క్రమంలో సూపరాక్సైడ్ అనే చురుకైన పదార్థం మోతాదుకు మించి తయారై నైట్రిక్ ఆక్సైడ్‌ను పుట్టినచోటే పాడుచేస్తుంది. మరోవైపు, పెనం మీద దోసె ఎర్రబడడానికి కారణమైన రసాయన చర్యలాంటిదే, మంట లేకుండా, నెలల తరబడి మన శరీరంలోని ప్రొటీన్ల మీద జరుగుతుంది. మీ వారి పరీక్షలో వచ్చిన 8.1 అనే అంకెకు అర్థం కూడా అదే: ఎర్ర రక్తకణాల్లోని హీమోగ్లోబిన్‌లో నూటికి 8.1 పాళ్లకు చక్కెర అంటుకొని ఉంది. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి ఆ పరీక్ష మనకు కిందటి రెండు మూడు నెలల చరిత్ర చెబుతోంది. హీమోగ్లోబిన్ త్వరగా మారిపోతుంది గానీ, నాళాల గోడలోని ప్రొటీన్లు ఏళ్ల తరబడి ఉంటాయి; వాటికి అంటుకున్న చక్కెర అలాగే ముదిరిపోతుంది. ముదిరిన ఆ పదార్థాలు లోపలి పొర కణాల్లో ఎన్ఎఫ్-కప్పా బి అనే మీటను నొక్కుతాయి. అప్పుడు పొర పైభాగాన జిగురులాంటి అణువులు మొలుస్తాయి, దారిన పోయే తెల్లకణాలు వాటికి అతుక్కుని గోడలోకి దూరుతాయి. రక్తనాళాల వాపు అంటే ఇదే. దీనికి నొప్పి ఉండదు, జ్వరం రాదు.

ఇక పసుపు సంగతి. కర్క్యుమిన్‌ను ప్రయోగశాలలో గాజు పాత్రలోని కణాల మీద పోస్తే ఎన్ఎఫ్-కప్పా బి నిజంగానే అణుగుతుంది. వీడియో చేసినవారు అబద్ధం చెప్పారని నేననను. పాత్రలో జరిగినదాన్ని మనిషిలో జరిగినట్టు చెప్పారు, చిక్కంతా అక్కడే ఉంది. పసుపు పొడి బరువులో కర్క్యుమిన్ సుమారు నూటికి మూడు పాళ్లు. ఒక చెంచా పసుపులో 100 మిల్లీగ్రాములైనా ఉండదు. అందులోనూ అధిక భాగం పేగులోంచి అలాగే బయటికి పోతుంది. కొద్దిగా లోపలికి ఇంకినదాన్ని పేగు గోడా, కాలేయమూ వెంటనే రూపు మార్చేస్తాయి. గాజు పాత్రలో కణాలకు తగిలే మోతాదు, మనం తిన్న తరువాత మన రక్తంలో నాళాల పొరకు ఎన్నడూ తగలదు.

ఈ లోటు తీర్చడానికే మిరియాల సారం కలుపుతున్నారు. దాని వెనుక ఉన్న పరిశోధన మనకు దగ్గరిదే. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో జరిగి 1998లో అచ్చయింది. 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు మిరియాల్లోని పైపరిన్‌ను 20 మిల్లీగ్రాములు ఇస్తే, రక్తంలోకి చేరే కర్క్యుమిన్ ఇరవై రెట్లు పెరిగిందని అందులో తేలింది. వినడానికి ఇరవై రెట్లు చాలా పెద్ద మాట. కానీ మొదట చేరేదే దాదాపు లేనట్టు ఉన్నప్పుడు, దానికి ఇరవై రెట్లయినా కొద్దిపాటిదే అవుతుంది. పైగా పైపరిన్ ఆ పనిని ఎలా చేస్తుందో చూడండి. పేగులో, కాలేయంలో బయటి పదార్థాలను విరిచి పంపే ఎంజైములను అది అడ్డుకుంటుంది. ఆ ఎంజైములు పసుపు కోసం మాత్రమే ఉన్నవి కావు. మనం వేసుకునే చాలా మందుల లెక్క చూసేవి కూడా అవే. అందుచేత ఇలాంటి క్యాప్సూల్స్‌తో ఇతర మందుల మోతాదు తెలియకుండానే హెచ్చే అవకాశం ఉంది. పైపరిన్ కలిపిన పసుపు క్యాప్సూల్స్ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న సంఘటనలను అమెరికా, ఇటలీ వైద్యులు నమోదు చేశారు కూడా.

మనుషుల మీద పరీక్షలు జరగలేదా అంటే, జరిగాయి. అవి ఎక్కువగా కొద్దిమంది మీద, కొన్ని వారాలో నెలలో జరిగినవి. కొన్నింటిలో రక్తంలోని వాపు సూచికలు కొంచెం తగ్గాయి. అయితే కర్క్యుమిన్ వల్ల చక్కెర జబ్బు ఉన్నవారి చూపు నిలిచిందని గానీ, గుండెపోటు తప్పిందని గానీ చూపిన పెద్ద పరీక్ష ఒక్కటి కూడా లేదు. దీనికి పక్కన మరొక లెక్కను పెట్టి చూడండి. బ్రిటన్‌లో చాలా ఏళ్లు సాగి 1998లో ఫలితాలు వెలువడిన పెద్ద అధ్యయనంలో, మూడు నెలల సగటును 7.9 దగ్గర ఉంచినవారికన్నా 7.0 దగ్గర ఉంచినవారిలో సన్నని నాళాల జబ్బులు నూటికి 25 వంతులు తక్కువగా వచ్చాయి. అందులో ముఖ్యమైన లాభం కంటికే. రక్తపోటును గట్టిగా అదుపు చేసినవారికి ఇంకా ఎక్కువ మేలు జరిగింది. మీ వారు ఉన్నది సరిగ్గా ఆ 7.9 పక్కనే. ఆ అంకెను 7 వైపు తెచ్చే పని మాత్రలు, తిండి, నడక, వైద్యుని సలహాతో జరగాలి. నాళాల వాపుకు కారణమైన చక్కెరనే తగ్గించే మందు ఇంట్లో ఉండగా, దాన్ని మాని, వాపును మాత్రమే తగ్గిస్తుందని పేరున్న పొడిని నమ్ముకోవడం చూస్తే నాకు భయం వేస్తోంది.

క్యాప్సూల్స్ ఆపమనండి. వాటిని వాడిన సంగతి మీ డాక్టరు గారికి చెప్పి, కాలేయ పరీక్ష ఒకటి చేయించండి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే చూపించండి. పప్పులో, కూరలో వేసే పసుపును మానవలసిన పని లేదు.

ప్రశ్న: కొండకు వచ్చే యాత్రికులకు అమ్మే చోట ఒక చెక్క గ్లాసు కొన్నాను. రాత్రి నీళ్ళు పోసి ఉంచి పొద్దున తాగితే షుగరు తగ్గి నాళాలు శుభ్రపడతాయన్నారు. నీళ్ళు ఎర్రటి గోధుమరంగుకు వస్తాయి. అది వేగిసా, ఎర్రచందనమా? మూడు నెలలుగా తాగుతున్నాను, మంచిదేనా?
— ఒక విశ్రాంత ఉద్యోగి, తిరుపతి

సమాధానం: అయ్యా, చూడకుండా చెట్టు పేరు చెప్పలేను. ఇలా అమ్మే గ్లాసులు సాధారణంగా వేగిసవి. సంస్కృతంలో విజయసార అంటారు. ఎర్రచందనం దానికి దాయాది. రెండూ టెరోకార్పస్ అనే ఒకే ప్రజాతికి చెందినవే, మన శేషాచలం అడవుల్లో రెండూ ఉన్నాయి. ఎర్రచందనమైతే అది కాపాడవలసిన చెట్టు. దాని చెక్కను అనుమతి లేకుండా కొన్నా అమ్మినా నేరమని ఈ ఊరివారికి నేను చెప్పనక్కరలేదు.

వేగిసకు వైద్యంలో మంచి పేరే ఉంది. దాని చేవలో ఎపికాటెకిన్, టెరోస్టిల్బీన్ వంటి పదార్థాలున్నాయి. ఈ రెండో పేరు ఆ చెట్ల ప్రజాతి శాస్త్రీయ నామం నుంచే పుట్టింది. భారత వైద్య పరిశోధన మండలి వారు కొత్తగా చక్కెర జబ్బు బయటపడిన 97 మందికి 12 వారాలు విజయసార సారాన్ని ఇచ్చి, 1998లో ఫలితాలు ప్రచురించారు. మూడింట రెండు వంతులకు పైగా రోగులలో చక్కెర అదుపులోకి వచ్చింది. ఈ పనిని నేను గౌరవిస్తాను. మన చెట్టును మన వైద్యులే పద్ధతిగా పరీక్షించారు. అయితే అందులో పోల్చి చూడడానికి మందు ఇవ్వని గుంపు లేదు. కొత్తగా జబ్బు తెలిసినవారు భయంతో తిండి మార్చుకున్నా అంకెలు తగ్గుతాయి. మరో ముఖ్యమైన తేడా, అక్కడ ఇచ్చింది రోజుకు గ్రాముల్లో తూచిన సారం. మీ గ్లాసులో మొదటి వారం ఊరేది ఎంత, మూడో నెలలో ఊరేది ఎంత అన్నది ఎవరూ తూచలేదు. రంగు దిగింది కాబట్టి మందు దిగిందనుకోవడానికి వీల్లేదు. టెరోస్టిల్బీన్ నీటిలో సరిగా కరగదు కూడా.

మీరు మాత్రలు వాడుతూ, ఇంట్లో షుగరు చూసుకుంటూ, ఆ నీళ్ళు తాగాలనిపిస్తే నేను గట్టిగా అడ్డు చెప్పను. గ్లాసును మాత్రం దగ్గరగా చూడండి. లోపలి అంచున, అడుగు మూలల్లో, గోటితో గీకితే జిగటగా నల్లటి మడ్డి వస్తున్నదంటే అది బూజు. తడి ఆరని చెక్కలో మూడు నెలలకు అది రాకుండా ఉండడం అరుదు. అలాంటి గ్లాసును పారేయండి.

ప్రశ్న: నేను ఫార్మసీ చదువుతున్నాను. ఏ మొక్క పదార్థమైనా రక్తనాళాల వాపును తగ్గించి, గుండెపోట్లను నిజంగా తగ్గించినట్టు మనుషుల్లో రుజువైందా? అన్నీ ఎలుకల దగ్గరే ఆగిపోతున్నాయి.
— ఒక విద్యార్థిని, పలమనేరు

సమాధానం: చాలా మంచి ప్రశ్న, తల్లీ. అడగవలసిన ప్రశ్న ఇదే.

ముందు వాపును తగ్గిస్తే గుండెపోటు తగ్గుతుందా అన్నదే తేలవలసి ఉండింది. దానికి జవాబు 2017లో వచ్చింది. అంతకుముందు గుండెపోటు వచ్చి, వాపు సూచిక హెచ్చుగా ఉన్న 10,061 మంది మీద కానకినుమాబ్ అనే ఇంజెక్షన్‌ను పరీక్షించారు. అది కొలెస్ట్రాల్‌ను తగ్గించదు. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే వాపు దూతను మాత్రమే అడ్డుకుంటుంది. మధ్య మోతాదు తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. అదే సమయంలో ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. వాపు అనేది శరీరపు కాపలా కూడా అన్న సంగతిని ఈ ఫలితం చక్కగా చెప్పింది.

ఇక మొక్క దగ్గరికి వస్తాను. వానాకాలంలో మీ పలమనేరు వైపు చేలగట్ల కంచెల మీద, ఆకు చివరను నులితీగలా చుట్టుకుంటూ పాకి, మంటలాగా ఎరుపూ పసుపూ కలిసిన పూలు పూసే తీగను చూసే ఉంటావు. అడవినాభి అంటాం, అగ్నిశిఖ అనీ అంటారు. పక్కనున్న తమిళనాడుకు అది రాష్ట్ర పుష్పం. దాని దుంపలో, గింజల్లో ఉన్నది కాల్చిసిన్. ఐరోపాలో ఇదే పదార్థాన్ని వేరొక మొక్క నుంచి 1820లో వేరుచేశారు. గౌట్ అనే కీళ్ళ జబ్బుకు ఆ మొక్కను అంతకు ముందు వందల ఏళ్లుగా వాడుతున్నారు. కాల్చిసిన్ కణాల లోపలి సన్నని దారాల అల్లికను అడ్డుకుంటుంది. దారాలు అల్లలేని తెల్లకణం నాళపు గోడలోకి పాకలేదు, పైగా ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను తయారుచేసే యంత్రాంగమూ నెమ్మదిస్తుంది. అంటే ఇంజెక్షన్ పట్టుకున్న దారినే ఈ మొక్క మందు కొంచెం ఎగువన పట్టుకుంటున్నది.

2020లో ప్రచురితమైన పరీక్షలో, నిలకడగా ఉన్న గుండెజబ్బు గల 5,522 మందికి రోజుకు అర మిల్లీగ్రాము కాల్చిసిన్ ఇస్తే గుండెపోటు వంటి ప్రమాదాలు 31 శాతం తగ్గాయి. 2023లో అమెరికా ఔషధ సంస్థ ఈ మోతాదును గుండెజబ్బుకు అనుమతించింది. కథ అక్కడితో ముగియలేదు. 2024లో గుండెపోటు వచ్చిన వెంటనే 7,062 మంది మీద చేసిన మరో పెద్ద పరీక్షలో ఏ లాభమూ కనిపించలేదు. ఎవరికి, ఏ దశలో పనిచేస్తుందన్న విచారణ ఇంకా సాగుతున్నది. ఎలుకల దాకా వెళ్ళి ఆగిపోయిన వందల పదార్థాలతో పోలిస్తే ఈ ఒక్కటి ఎంత దూరం వచ్చిందో చూడు. ఇంత దూరం వచ్చాక కూడా ఎంత జాగ్రత్తగా మాట్లాడవలసి వస్తున్నదో అది కూడా చూడు.

ఒక హెచ్చరికను నీ తోటివారందరికీ చెప్పాలి. అడవినాభి దుంప ప్రాణం తీసే విషం. తినే దుంప అనుకొని ఉడికించి తిన్నవారు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. మందుగా వాడే అర మిల్లీగ్రాము కూడా మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో, క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్ వాడుతున్నవారిలో ప్రమాదం కావచ్చు. చక్కెర జబ్బులో మూత్రపిండాలు దెబ్బతినే సంగతి నీకు తెలుసు కదా.

మొక్కల నుంచి చక్కెర జబ్బుకు వచ్చిన మేలు ఇంకా పెద్దది, అయితే అది వేషం మార్చుకొని వచ్చింది. ఐరోపాలో గలీగా అనే పచ్చిరొట్ట మొక్కలో చక్కెరను తగ్గించే గ్వానిడిన్ పదార్థాలున్నాయి. వాటి బంధువైన మెట్‌ఫార్మిన్‌ను 1957లో ఫ్రెంచి వైద్యుడు ఝాన్ స్టెర్న్ చక్కెర జబ్బుకు వాడి చూపించాడు. ఆపిల్ చెట్టు బెరడు నుంచి 1835లో ఫ్లోరిజిన్‌ను వేరుచేశారు. మూత్రపిండాలు చక్కెరను బయటికి వదిలేలా చేసే దాని గుణాన్ని అనుసరించి, దాని నమూనా మీద కట్టినవే ఇవాళ వాడుతున్న డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. 2015లో వెలువడిన పరీక్షలో ఎంపాగ్లిఫ్లోజిన్ గుండెజబ్బు మరణాలను 38 శాతం తగ్గించింది. బెరడును నమిలితే ఈ ఫలితం రాదు. ఫ్లోరిజిన్ పేగులోనే చాలావరకు విరిగిపోతుంది; దాన్ని నిలిచేలా మార్చడానికి రసాయన శాస్త్రజ్ఞులకు నూట యాభై ఏళ్లకు పైగా పట్టింది.

ప్రశ్న: మా నాన్న గారు రోజూ తిప్పతీగ కషాయమూ, ఊళ్ళో ఇచ్చే ఒక మూలికా చూర్ణమూ తీసుకుంటున్నారు. షుగరు బాగా తగ్గింది. కొనసాగించవచ్చునా?
— ఒక రైతు, శ్రీకాళహస్తి

సమాధానం: తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబయి వైద్యులు, ఆ తరువాత దేశంలోని ఇతర కేంద్రాలవారూ ప్రచురించారు. ఆయుష్ శాఖ ఆ నిర్ధారణను అంగీకరించలేదు. నా మాట అడిగితే, రోజూ తాగవద్దంటాను. చూర్ణం గురించి నాకు ఇంకా ఎక్కువ భయం. మూలికా చూర్ణాల్లో గ్లైబెన్‌క్లమైడ్ వంటి షుగరు మాత్రలను నూరి కలిపి అమ్మిన సంఘటనలు అనేక దేశాల్లో పరీక్షల్లో బయటపడ్డాయి. చాలా ఏళ్ల క్రితం తెల్లవారుజామున ఒక పెద్దాయనను మా వార్డుకు తెచ్చారు. ఒళ్లంతా చెమట, పిలిస్తే పలకడం లేదు, షుగరు 34కు పడిపోయి ఉంది. సిరకు గ్లూకోజ్ ఎక్కించాక కళ్ళు తెరిచి, తాను వాడేది ఆకు మందు మాత్రమేనన్నాడు. ఆయన పంచె కొంగున కట్టుకున్న పొట్లంలో పచ్చటి పొడి మధ్య తెల్లని నలుసులు మెరుస్తున్నాయి. ఆకులో తెల్లని నలుసులు ఉండవు. మీ నాన్న గారి షుగరు ఒక్కసారిగా బాగా తగ్గిందంటే సంతోషించే ముందు ఆ చూర్ణాన్ని డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మందుల రూపంలో కాకుండా, మనం తినే తిండిలోనే ఈ పదార్థాలు దొరుకుతాయా? చెనక్కాయల పొట్టులో మంచి గుణముందని విన్నాను. మా ఇంట్లో రాగి సంగటి, ఆకుకూర వాడకం ఎక్కువ.
— ఒక ఉపాధ్యాయుడు, పుత్తూరు

సమాధానం: దొరుకుతాయి, మాస్టారూ. నా దృష్టిలో వాటికి సరైన చోటు కంచమే. స్పెయిన్‌లో 7,447 మంది మీద జరిగి 2013లో ప్రచురితమైన పరీక్షను ఇక్కడ చెప్పాలి. వారిలో దాదాపు సగం మందికి చక్కెర జబ్బు ఉంది. గింజపప్పులు గానీ ఆలివ్ నూనె గానీ పుష్కలంగా ఇచ్చి, కూరగాయలు, పప్పుధాన్యాలు ఎక్కువగా తినమన్న గుంపుల్లో గుండెపోటు, పక్షవాతం వంటివి సుమారు 30 శాతం తగ్గాయి. పరీక్ష నిర్వహణలో దొర్లిన లోపాలను సరిచేసి 2018లో మళ్ళీ లెక్కగట్టినప్పుడూ ఫలితం అదే దారిలో ఉంది. అందులో ఏ ఒక్క పదార్థాన్నీ విడదీసి మాత్ర చేసి ఇవ్వలేదు. తిండి మొత్తం మారింది.

చెనక్కాయల ఎర్ర పొట్టులో వాపును తగ్గిస్తుందని పేరున్న రెస్వెరట్రాల్ అనే పదార్థం ఉన్నమాట నిజమే, కానీ మైక్రోగ్రాముల్లో ఉంటుంది. పరీక్షల్లో వాడేవి వందల మిల్లీగ్రాములు. దానికోసమని తినవద్దు. మంచి కొవ్వు, పీచు, ప్రొటీను ఉన్నాయి కాబట్టి గుప్పెడు, పొట్టుతోనే, ఉప్పు వేయకుండా వేయించినవో ఉడికించినవో తినండి. ఎర్రగడ్డలో ఉండే క్వెర్సెటిన్ మాత్రం చక్కెర అణువుకు అంటుకున్న రూపంలో ఉండడం వల్ల మిగతావాటికన్నా బాగానే ఒంటికి పడుతుంది. మన పులుసుల్లో ఎర్రగడ్డకు కరువు లేదు.

ఆకుకూరల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలనిపిస్తోంది. తోటకూర, పాలకూర వంటి వాటిలో నైట్రేటు ఉంటుంది. అది పేగులోంచి రక్తంలోకి, అక్కడి నుంచి లాలాజలంలోకి వస్తుంది. నాలుక వెనుక భాగంలో ఉండే సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా మారుస్తాయి, మింగిన తరువాత అందులో కొంత నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. మొదటి ఉత్తరానికి జవాబులో, చక్కెర వల్ల పాడవుతుందని చెప్పిన వాయువు ఇదే. నోటిని ఘాటైన క్రిమినాశక ద్రావణంతో రోజూ పుక్కిలించేవారిలో ఈ దారి మూసుకుపోతుంది. కిడ్నీ జబ్బు ముదిరినవారు మాత్రం ఆకుకూరల్లోని పొటాషియం గురించి డాక్టరును అడగాలి.

రాగుల పై పొట్టులోనే పాలీఫినాల్స్, పీచు ఎక్కువగా ఉంటాయి. పిండిని సన్నని జల్లెడతో జల్లించి పొట్టు పారబోస్తే మంచిదంతా పోతుంది. అయితే సంగటి షుగరును పెంచదనుకోవడం పొరపాటు, అందులో బియ్యమో నూకో కలుపుతాం కదా. రెండు ముద్దలు తినేవారు ఒకటికి తగ్గించి, ఆ చోటును ఆకుకూర పప్పుతో నింపాలి. తిన్న రెండు గంటలకు ఒకసారి వేలి కొస పరీక్ష చేసుకుంటే మీ సంగటి సంగతి మీకే తెలుస్తుంది.

ప్రశ్న: రక్తనాళాల్లో వాపు ఉందో లేదో తెలుసుకోవడానికి సీఆర్‌పీ పరీక్ష చేయించుకోవాలా?
— ఒక పాఠకుడు, నగరి

సమాధానం: అందరికీ అవసరం లేదు. సీఆర్‌పీ అంటే ఒంట్లో వాపు ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ఒక ప్రొటీను. సున్నితమైన పద్ధతిలో చేసే సీఆర్‌పీ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, 3 దాటితే గుండెజబ్బు ముప్పు ఎక్కువ అంటారు. అయితే జలుబు చేసినా, చిగుళ్ళు వాచినా అది పెరుగుతుంది. చక్కెర జబ్బులో మీకు ఇంతకన్నా ఉపయోగపడేది మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీను పరీక్ష. నాళాల లోపలి పొర దెబ్బతిని కారడం మొదలైతే అది మూత్రపిండాల్లో తెలుస్తుంది. మూత్రంలోని క్రియాటినిన్ అనే వ్యర్థం ఒక గ్రాముకు ఆల్బుమిన్ 30 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. ఏడాదికి ఒకసారి తప్పక చేయించుకోండి.

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్లు, పదిహేనేళ్లుగా షుగరు. అరికాళ్ళు తిమ్మిరి, మంట. వేపాకు, పసుపు నూరి వేడి చేసి పట్టు వేస్తోంది. అలిపిరి మెట్లు ఎక్కుతానని మొక్కుకుంది. చెప్పులు లేకుండా ఎక్కవచ్చునా? నడక నాళాలకు మంచిదని కూడా అంటారు కదా!
— ఒక కూతురు, తిరుపతి

సమాధానం: అమ్మా, నడక నిజంగానే మంచిది. నడిచినప్పుడు రక్తం ఒరవడి పెరిగి నాళాల లోపలి పొరను ఒరుసుకుంటూ పోతుంది. ఆ ఒరిపిడికే పొర ఎక్కువ నైట్రిక్ ఆక్సైడ్‌ను వదులుతుంది. కానీ మీ అమ్మగారికి సమస్య మరో చోట ఉంది. నరాలకు కూడా రక్తం అందించే సన్నని నాళాలుంటాయి. అవి చెడితే నరం ఎండుతుంది, కాలు తిమ్మిరెక్కుతుంది. అలాంటి కాలికి రాయి గుచ్చుకున్నా, ఎండకు కాగిన మెట్టు మీద పొక్కినా నొప్పి తెలియదు. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. పుండు పడిందన్న సంగతి కొండ మీదికి చేరాక, కొన్నిసార్లు ఇంటికి వచ్చాక బయటపడుతుంది. దీర్ఘకాలిక జబ్బులున్న పెద్దవారు కాలినడకన రావద్దని దేవస్థానం వారు సూచిస్తూనే ఉన్నారు. మొక్కును ఎలా తీర్చుకోవాలో చెప్పే అధికారం నాకు లేదు. వట్టి కాళ్ళతో మాత్రం ఎక్కనివ్వకండి. గుండెనూ కాళ్ళనూ ఒకసారి పరీక్ష చేయించాకే మిగతా ఆలోచన చేయండి.

వేడి పట్టును ఈరోజే ఆపించండి. వేపలో, పసుపులో ఉన్న గుణం చర్మం దాటి నరాల నాళాల దాకా పోదు. వేడి ఎంతుందో ఆమె పాదానికి తెలియదు కాబట్టి కాలే ప్రమాదం ఉంది. వేళ్ళ సందుల్లో తడి పట్టు నిలిస్తే చర్మం నాని చిట్లుతుంది. ఆమె చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతూ ఉంటే, విటమిన్ బి12 పరీక్ష కూడా చేయించండి. ఆ మందు వల్ల బి12 తగ్గి తిమ్మిరి రావడం ఉంది, దాన్ని తేలికగా సరిచేయవచ్చు.

రోజూ రాత్రి ఆమె పడుకున్నాక మీ ఫోను దీపం వేసి అరికాళ్ళు, మడమలు, ప్రతి రెండు వేళ్ళ మధ్య సందు చూడండి. ఎర్రటి మచ్చ, పొక్కు, చెమ్మ, తెల్లబారిన చర్మం కనిపిస్తే మరుసటి వారం దాకా ఆగకుండా ఆ మరుసటి ఉదయమే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.